చన్నీళ్ళు తోస్తే వేన్నీళ్ళు

బెజవాడ వాళ్ళకి వేన్నీళ్ళెందుకని పొరుగూళ్ళ వాళ్ళు నవ్వుతారు. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరు మాది. జనవరి తెల్లవారుజామున కూడా 18, 19 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. కానీ కృష్ణా డెల్టాలో వేన్నీళ్ళు చలి కోసం కాదు, పని కోసం. ఆదివారం కుంకుడుకాయల తలంటికి కావాలి. భోగికీ నరకచతుర్దశికీ కావాలి. బాలింతకి వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్ళు కావాలి. పెద్దవాళ్ళ మోకాళ్ళకి ఏ కాలమైనా కావాలి. అందుకే గవర్నర్‌పేటలో పెంకుటిళ్ళు ఉన్న రోజుల్లో కాస్త కలిగినవాళ్ళ దొడ్డిలో, నూతికీ స్నానాలగదికీ మధ్య, ఒక రాగి బాయిలర్ ఉండేది. మిగతా ఇళ్ళన్నిట్లో కాగు.

కాగు సంగతి తెలిసిందే. మూడు రాళ్ళ మీద మసిబట్టిన గుండ్రటి పాత్ర, కింద మంట. ఆ మంటలో ఎక్కువ భాగం పక్కలనుంచి గాల్లోకి పోతుంది. బాయిలర్ చేసిన కంచరివాడు మంటని తీసుకొచ్చి నీళ్ళ నడిబొడ్డున పెట్టాడు. రాగిరేకుతో చేసిన డ్రమ్ము, దాని మధ్యలో పైనుంచి కిందిదాకా ఒక గొట్టం, గొట్టం అడుగున ఇనప ఊచలు, ఊచల కింద బూడిద పళ్ళెం. పుల్లలూ బొగ్గులూ గొట్టంలోకి పైనుంచి వేస్తారు. కింద ఊచల సందుల్లోంచి గాలి ఈడ్చుకుని గొట్టమే పొగగొట్టంలా పనిచేస్తుంది. చుట్టూ నీళ్ళే కాబట్టి, పైనుంచి పోయేది పోగా, మంట ఎటు తిరిగినా నీటికే తగులుతుంది.

ఏలూరు రోడ్డు మీది విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా దొరికిన సోవియట్ కథలు చదివి పెరిగిన మా తరానికి సమోవార్ అనే పేరు బాగా తెలుసు, వస్తువు తెలీదు. బొమ్మలో చూసి, ఇది మన బాయిలర్‌కి చిన్న చెల్లెలు కదా అనుకున్నాను. నిజంగానే అదే కట్టడం, నడుమ నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళు. వాళ్ళు టీ తాగారు, మేం తలంటు పోసుకున్నాం.

అసలు తెలివి గొట్టంలో లేదు, గరాటులో ఉంది. బాయిలర్ పైన ఒక పక్కన గరాటు ఉంటుంది. దాని కాడ లోపల డ్రమ్ము అడుగుదాకా దిగుతుంది. వేన్నీళ్ళు వచ్చే మూతి మాత్రం డ్రమ్ము పై అంచుకి దగ్గరగా ఉంటుంది. గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకి చేరి, పైనున్న వేడినీటిని చెంబెడు బయటికి తోస్తాయి. పోయకపోతే రావు. వేడినీరు తేలిక, చల్లనీరు బరువు. అందుకని లోపల రెండూ పొరలు పొరలుగా నిలిచి ఉంటాయి, తొందరగా కలిసిపోవు. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు గానీ అది బకెట్లోకి వచ్చాక మాట. డ్రమ్ములో ఉన్నంతసేపూ వాటిని దూరంగా ఉంచడమే పనితనం.

దీనివల్ల ఇంకో లాభం. ఎన్ని బకెట్లు వాడినా డ్రమ్ము ఖాళీ కాదు. ఖాళీ అయితే గొట్టం ఎర్రగా కాలి అతుకుల మాటు కరిగిపోతుంది. వీధుల్లో ‘మాట్లు వేస్తాం, కళాయి పూస్తాం’ అని అరుచుకుంటూ తిరిగినవాళ్ళకి నీళ్ళు లేకుండా వెలిగించిన బాయిలర్లు మంచి గిరాకీ. గరాటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఆవిరి బిగుసుకుని పేలే భయమూ లేదు. మహా అయితే నీళ్ళు మరిగి గరాటులోంచి చిమ్ముతాయి. గీజర్‌కి సేఫ్టీ వాల్వు కావాలి, దీనికి అక్కర్లేదు.

డెల్టాలో అడవి లేదు. ఆ మాట మర్చిపోయి కట్టెల గురించి మాట్లాడితే లాభం లేదు. పల్లెల్లో పిడకలు, కందికంప, తాటిమట్టలు, కొబ్బరిచిప్పలు. ఊళ్ళో అయితే అడితి నుంచి సరుగుడు, తుమ్మ. రంపం మిల్లు నుంచి బస్తాల్లో పొట్టు. పొట్టుని డబ్బాలో మధ్యన సీసా నిలబెట్టి కూరి, సీసా లాగేస్తే ఏర్పడే కంతలో మంటపెట్టే పొట్టు పొయ్యి చాలా ఇళ్ళకి అన్నం పెట్టింది. కానీ బాయిలర్‌కి రాజు కొబ్బరిచిప్ప. పీచుతో అంటిస్తే చాలు, పెళపెళలాడుతూ మండుతుంది, పొగ తక్కువ. నీళ్ళు కాగాక అడుగున మిగిలిన నిప్పులు వృథా పోవు. ధూపం గిన్నెలోకి తీసి, పైన సాంబ్రాణి చల్లి, తడి జుట్టు బుట్ట మీద పరుచుకునేవాళ్ళు. మర్నాటి బూడిద అంట్లకి.

లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే అప్పటివాళ్ళకి ఆ లెక్క చేతుల్లో ఉండేది. 20 లీటర్ల బకెట్ నీటిని 25 డిగ్రీల నుంచి 45కి తేవడానికి కావలసింది సుమారు అర యూనిట్ కరెంటుకి సరిపడా వేడి. బాగా ఆరిన కట్టెలో కిలోకి నాలుగు యూనిట్ల పైచిలుకు వేడి ఉంటుంది. అంటే 110 గ్రాముల పుల్ల చాలాలి. మూడు రాళ్ళ పొయ్యి మీద అందులో పదో వంతో ఏడో వంతో నీటికి దక్కుతుంది కాబట్టి కిలోకి దగ్గరగా తగలడిపోతుంది.

ఇప్పుడు గీజర్ ఉన్న మేం శుభ్రంగా ఉన్నామని అనుకుంటాం. ఊరికి ఎగువన, ఇబ్రహీంపట్నంలో, 1979లో మొదటి యూనిట్ మొదలైన థర్మల్ స్టేషన్ ఉంది, ఇప్పుడు నార్ల తాతారావు పేరుతో. అక్కడ కాలే బొగ్గు వేడిలో మూడో వంతుకు అటూఇటూగా కరెంటవుతుంది. మన బొగ్గులో కిలోకి రమారమి కట్టెలో ఉన్నంత వేడే. కాబట్టి నా బకెట్‌కి 400 గ్రాముల దాకా బొగ్గు అక్కడ మండుతోంది. పొయ్యి ఆరలేదు, కాలవ దాటి, కొండ దాటి కాస్త అవతలికి జరిగింది. మసి నా గోడకి అంటడం లేదు, అంతే.

అలాగని బాయిలర్ మళ్ళీ తెమ్మని నేననను. తెల్లారకముందే లేచి, కళ్ళు నులుముకుంటూ ఊదింది ఎప్పుడూ ఆడవాళ్ళే. స్నానం మొదట చేసింది మగవాళ్ళు. 1999లో దీపం పథకం గ్యాస్ ఇచ్చినప్పుడు పల్లెల్లో ఎందరో ఊపిరి పీల్చుకున్నారు, ఉత్త మాటగా కాదు, ఉన్నదున్నట్టుగా.

చలిదేశాల్లో మాత్రం కట్టెల బాయిలర్ ఇంకా బతికే ఉంది, మరింత పెద్దదై. జర్మనీలో, స్వీడన్‌లో పొయ్యి వేరు, నీళ్ళ ట్యాంకు వేరు. రోజుకోసారి జోరుగా మండించి, ఆ వేడినంతా వందల లీటర్ల ట్యాంకులో దాచి, రోజంతా వాడుకుంటారు. మందంగా రాజుకునే మంటే ఎక్కువ పొగా తారూ కక్కుతుంది. జోరు మంటకి ఆ బెడద తక్కువ. ఆ ట్యాంకుల్లో కూడా పైన వేడి, కింద చల్లన. మన మేడల మీది సోలార్ ట్యాంకుల్లోనూ అంతే.

గీజర్‌లోనూ అంతేనని మొన్న ఆ మధ్య రుజువైంది. కొత్త గీజర్ బిగించాక రెండు మగ్గులు వేడిగా వచ్చి తర్వాత గోరువెచ్చన. బిగించినవాడు కంపెనీదే తప్పన్నాడు. రెండో ప్లంబర్ని పిలిచాను.

‘లోపల చన్నీళ్ళు ఎక్కడికి పడతాయి బాబూ?’

‘అడుగునే పడాలమ్మా. వేడినీళ్ళ పైపు లోపల పైదాకా ఉంటుంది, పైనున్నవి లాగుతుంది.’

‘మరి వీటిని తిరగేసి కలిపితే?’

అతను నీలం రింగూ ఎర్ర రింగూ చూశాడు. ‘తిరగేసే కలిపాడండీ,’ అని రెంచీ తీశాడు. చన్నీళ్ళు పైనుంచి పడి వేడి పొరని చెరిపేస్తున్నాయి. వేడినీళ్ళ కుళాయికి అడుగువి వస్తున్నాయి. పది నిమిషాల పని.

ఏప్రిల్ వచ్చేసరికి మా ఊళ్ళో కథ మొత్తం తిరగబడుతుంది. మేడ మీద నల్ల ట్యాంకు మధ్యాహ్నానికే కాగైపోతుంది, పైసా ఖర్చు లేకుండా. సాయంత్రం చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. కొందరు రాత్రే బకెట్లు పట్టి చల్లారబెడతారు. నేను గీజర్ స్విచ్ ఆపేస్తాను. అందులో పొద్దుటి నుంచీ ఇంట్లో నీడన నిలవున్న నీళ్ళుంటాయి, పైన మందపాటి ఫోము తొడుగు వేడిని లోపలికి రానివ్వదు. మేలో గవర్నర్‌పేటలో చల్లగా స్నానం చెయ్యాలంటే ఎర్ర రింగున్న కుళాయి తిప్పాలి. ఒక్క బకెట్టే సుమా, రెండో బకెట్‌కి మేడ మీది మంట అడుగునుంచి తోసుకొచ్చేస్తుంది.