సాన పట్టిన ఊరు

అమ్మ ఉంగరంలో వైడూర్యం కదులుతోందని మొన్న ఆచారి గారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, రాయిని బల్బు కింద అటూ ఇటూ తిప్పారు. తేనెరంగు మీద తెల్లటి గీత ఒకటి, తిప్పినకొద్దీ జరిగింది.

"పిల్లికన్ను బాగానే ఉందండీ, కట్టే వదులైంది. మా నాన్న చేసిందే ఇది. జైపూర్ రాయి."

"జైపూర్‌లో గనులున్నాయా?"

"గనులెక్కడివి! సాన అక్కడ."

ఆ మాటకు వ్యాకరణవేత్త పతంజలి గుర్తొచ్చాడు. వైడూర్యమంటే విదూరమనే ఊరి నుంచి వచ్చేదని పాణిని సూత్రం. పతంజలి రాసిన క్రీ.పూ. 2వ శతాబ్దపు మహాభాష్యం అక్కడే అడ్డుతగులుతుంది: ఆ రాయి పుట్టేది వాలవాయ పర్వతంలో కదా, విదూరంలో జరిగేది సంస్కారమే కదా అని. అంటే పుట్టిన కొండ పేరు పోయి, మెరుగు పెట్టిన ఊరి పేరు నిలిచింది.

ఆ పేరు చాలా దూరమే నడిచింది. పాళీలో వేళురియ, గ్రీకులో బెరిల్లోస్, ఇంగ్లిషులో బెరిల్. తొలినాటి కటకాలు కొన్ని రంగులేని బెరిల్‌తో చేశారు గనక జర్మన్లకు కళ్లజోడే 'బ్రిల్లె' అయింది. ఆచారి గారి ముక్కు మీదున్నదీ, చేతిలో ఉన్నదీ మాటవరసకు చుట్టాలే!

అసలు చిక్కు ఇక్కడే. పాతకాలపు వైడూర్యం బెరిల్. ఇప్పుడు మనం నవరత్నాల్లో పొదిగే పిల్లికన్ను క్రిసోబెరిల్, అది వేరే ఖనిజం. గట్టిదనంలో బెరిల్ 7.5 నుంచి 8 అయితే ఇది 8.5. రాయి మారినా పేరు మారలేదు.

పేరులాగే ఆ కన్నూ సాన పెట్టిన భిక్షే. రాయి లోపల సూదుల్లాంటి సన్నటి పోగులు ఒకే వరసలో ఉంటాయి. వాటి మీద పడిన వెలుగు గీతై తిరిగొస్తుంది. పోగుల వాలు చూసుకుని, అడుగు చదునుగా, పైభాగం గుమ్మటంలా అరగదీయాలి. వాలు తప్పితే కన్ను తెరుచుకోదు.

క్వార్ట్జ్ పిల్లికన్నునూ వైడూర్యమనే అంటగట్టే కొట్లున్నాయి. పేరు విని కొనకండి, బిల్లు మీద క్రిసోబెరిల్ అని రాయించుకోండి. ఒక్క దీపం కింద తిప్పి చూడండి. గీత ఓ పక్కకు ఒరిగి ఉంటే తప్పు రాయిది కాకపోవచ్చు, సానది.