కల్పిత రాజ్యాల రథాలు – మెదక్ చైను బండి

కల్పిత రాజ్యాన్ని పాఠకుడు నమ్మడానికి కోటగోడల ఎత్తు ఒక్కటే చాలదు. ఆ రాజ్యంలోని వస్తువులకు పరస్పర సంబంధం ఉండాలి. ఒక యుద్ధశకటం కనిపిస్తే, దాన్ని చేసినవాడు, తోలేవాడు, చెడితే బాగుచేసేవాడు ఆ రాజ్యంలో ఎక్కడో ఉన్నారన్న నమ్మకం కలగాలి. మన జానపద కల్పనను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది.

2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగంలోని కాలకేయ యుద్ధాన్ని తీసుకుందాం. భల్లాలదేవుని రథం ముందు కత్తులు గిరగిరా తిరుగుతాయి. పాత్ర క్రౌర్యాన్ని మాటలు లేకుండా చెప్పిన మంచి ఊహ అది. అంతకంటె విలువైనది యుద్ధసామగ్రి పంపకం. బిజ్జలదేవుడు మేలైన సామగ్రిని కొడుకుకు కట్టబెడతాడు. బాహుబలి ఉన్నవాటితోనే ఉపాయం పన్నుతాడు. అక్కడ ఆయుధం కథను నడిపింది. రథం మాత్రం ఒక్క మనిషికి ఆభరణంగా మిగిలింది. కట్టప్ప ఆయుధశాలలో కనిపిస్తాడు గాని, ఆ ఘట్టం అతని కత్తి నేర్పుకూ బానిసత్వానికీ వేదిక మాత్రమే. కొలిమి పనివారికి కథలో చోటు లేదు.

జానపద కథకు ఇంత లెక్క ఎందుకని అడగవచ్చు. భారతంలో ఆ లెక్క ఉంది. కర్ణపర్వంలో శల్యుడు నోరు మూసుకుని రథం తోలడు. అతని మాటలు కర్ణుణ్ణి బాణాల కంటె ముందే గాయపరుస్తాయి. చివరకు నేలలో దిగబడిన చక్రం వీరుని కథను ముగిస్తుంది. తోలేవాడికీ చక్రానికీ కూడా కథలో పని ఉంది.

ఇప్పుడు నిజమైన శకటాన్ని చూద్దాం. సోవియట్ రూపకల్పన అయిన బీఎంపీ-2ను మన దేశంలో తయారుచేయడానికి 1984లో మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో కర్మాగారం నెలకొల్పారు. ఆ ఊరు 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. బండికి పెట్టిన పేరు 'సారథ్'. చక్రాల చుట్టూ ఇనుప చైను, పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి. నడిపే సిబ్బంది ముగ్గురు, లోపల కూర్చునే సైనికులు ఏడుగురు. అదే ఒడలిపై 81 మిల్లీమీటర్ల మోర్టారు మోసే బండి వచ్చింది. గాయపడినవారిని తెచ్చే అంబులెన్సు వచ్చింది. దారినీ నీటి లోతునూ పరిశీలించే ఇంజనీర్ల బండి, నాగ్ క్షిపణి వాహకం కూడా వచ్చాయి. ఒకే తల్లి బిడ్డలైనా ఒక్కొక్కరిది ఒక్కొక్క పని. చంపే బండికీ బతికించే బండికీ పునాది ఒక్కటే. ఇంతకంటె పదునైన కథావస్తువు ఏ కల్పిత రాజ్యంలో దొరుకుతుంది?

చంద్రపూర్ విద్యార్థులకు ఇది దూరపు విషయం కాదు. బొగ్గు గనుల్లో డోజరు చైను వారు చూసినదే. జిల్లాలోని భద్రావతి దగ్గర మందుగుండు తయారుచేసే చాందా ఆర్డినెన్స్ కర్మాగారం ఉంది. యుద్ధం రణభూమిలో మొదలుకాదనీ, ఎవరి చేతుల మీదుగానో అక్కడికి చేరుతుందనీ ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

కాబట్టి కొత్త రాజ్యాన్ని ఊహించే రచయిత, రథానికి ఎన్ని కత్తులు బిగించాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోకూడదు. ఆ కత్తులకు సాన పట్టినవాడి పేరేమిటి? యుద్ధం ముగిశాక గాయపడినవారిని ఏ బండి మోసుకొచ్చింది? వీటికి జవాబు చెప్పగల కథలోనే రాజ్యం అనే మాటకు రాజుతోపాటు జనమూ కనిపిస్తారు.