సెకనులో అరవయ్యో వంతు

ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్ల వెనక మొదటిసారి నిలబడి చూసేవాళ్లకు తెర మీద అంతా గందరగోళమే. రెండు బొమ్మలు ఎగురుతాయి, తన్నుకుంటాయి, ఏదో మెరుస్తుంది, ఒకటి కూలబడుతుంది. బటన్లు ఎవరు ఎక్కువ బాదితే వాళ్లే గెలుస్తారనిపిస్తుంది. ఆ తొందరను విప్పి చూస్తే లోపల గడియారానికి ఉన్నంత పొందిక ఉంది. విప్పి చూడటానికి 1999లో జపాన్ సంస్థ కాప్‌కామ్ విడుదల చేసిన ‘స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్’ కన్నా మంచి నమూనా దొరకదు.

చేతి కింద ఉండే పెట్టెతో మొదలుపెడదాం. ఎడమ చేతికి స్టిక్, కుడి చేతికి ఆరు బటన్లు. పై వరుసలో మూడూ గుద్దులకు, కింది వరుసలో మూడూ తన్నులకు. ఎడమ నుంచి కుడికి తేలికది, మధ్యరకం, బలమైనది. స్టిక్ అడుగున నాలుగు పక్కలా నాలుగు చిన్న స్విచ్‌లు ఉంటాయి. కిందికి వంచితే ఒకటి టక్కుమంటుంది, పక్కకు వంచితే ఇంకొకటి. మూలకు వంచితే రెండూ కలిసి పడతాయి. అలా నాలుగు స్విచ్‌లతోనే ఎనిమిది దిక్కులూ వచ్చేస్తాయి.

ర్యూ అనే పాత్ర అరచేతుల్లోంచి హదోకెన్ అనే శక్తిగోళం విసరాలంటే స్టిక్‌ను కింది నుంచి ప్రత్యర్థి వైపుకు పావు వృత్తం తిప్పి గుద్దు బటన్ నొక్కాలి. స్విచ్‌ల లెక్కలో చూస్తే మొదట కిందిది, తర్వాత కిందిదీ ముందుదీ కలిపి, చివరికి ముందుది ఒక్కటే. పైకి ఎగురుతూ కొట్టే షోర్యూకెన్‌కు వరుస మారుతుంది: ముందుకు, కిందికి, ఆ రెంటి మధ్య మూలకు. ఈ వరుసల్లో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఈ ఆటలో దెబ్బ కాచుకోవాలంటే, అంటే బ్లాక్ చేయాలంటే, స్టిక్‌ను వెనక్కి లాగి పట్టుకోవాలి. షోర్యూకెన్ మొదలయ్యేదే ముందుకు నెట్టడంతో. హదోకెన్ ముగిసేదీ ముందుకే. అంటే ఈ రెండు దెబ్బల్లో ఏది కొట్టాలన్నా ఆ క్షణానికి కవచం దించక తప్పదు. దెబ్బ ఖరీదును చేతి కదలికలోనే కలిపేశారు.

ఇక కాలం సంగతి. తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. ఒక్కో మార్పు ఒక ఫ్రేము, అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆటలో సమస్త లావాదేవీలూ ఈ నాణెంలోనే జరుగుతాయి. ప్రతి దెబ్బకూ మూడు భాగాలుంటాయి. చెయ్యి లేవడం స్టార్టప్. తగిలే సత్తా ఉండే కొద్ది ఫ్రేములు యాక్టివ్. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ నిలదొక్కుకోవడం రికవరీ. తేలిక గుద్దుకు స్టార్టప్ మూడు నుంచి ఐదు ఫ్రేములు మాత్రమే. బలమైన తన్నుకు అంతకన్నా ఎక్కువ, దాని రికవరీ కూడా పొడుగే. పెద్ద దెబ్బ గాలిలో పోయిందంటే ఆ రికవరీ అంతసేపూ కొట్టినవాడు బొమ్మలా నిలబడి ఉంటాడు. ఎదుటివాడికి అదే అదును.

కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి మామూలు మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్రేముల్లో 12 నుంచి 15. ఐదు ఫ్రేముల గుద్దును చూసి కాచుకోవడం ఎవరి తరమూ కాదన్నమాట. నెమ్మది దెబ్బలను చూసి కాచుకోవచ్చు, వేగమైనవాటిని ముందే ఊహించాలి. ఏది చూడొచ్చు, ఏది ఊహించాలి అనే గీతను ఎక్కడ గీయాలో రూపకర్తలు ఒక్కో దెబ్బకూ విడివిడిగా నిర్ణయించారు. ఆటగాడు ఆ గీతలన్నిటినీ మనసులో పెట్టుకుని ఆడతాడు.

దెబ్బ తగిలిందో లేదో తేల్చేవి పెట్టెలు. కంటికి కనిపించే బొమ్మ చేత్తో గీసిన అందమైన మనిషి. యంత్రానికి కనిపించేది మాత్రం కొన్ని దీర్ఘచతురస్రాలు. కొన్ని దెబ్బ తినేవి, కొన్ని దెబ్బ కొట్టేవి. కొట్టే పెట్టె ఎదుటివాడి తినే పెట్టెను తాకితే దెబ్బ తగిలినట్టు. కాలు చాపితే దాంతో పాటు తినే పెట్టె కూడా కొంత ముందుకు సాగుతుంది కాబట్టి దూరం నుంచి కొట్టాలనుకున్నవాడు తన కాలినీ ప్రమాదంలో పెట్టినట్టే. అనుభవం ఉన్న ఆటగాళ్లు ఎదుటి పాత్ర కాలు సరిగ్గా అందని దూరంలో ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉండటం అందుకే. ఆ కాలు గాలిలోకి చాచుకోగానే దాన్నే కొడతారు.

దెబ్బ తగిలిన క్షణంలో ఇంకో సూక్ష్మం ఉంది. కొట్టినవాడూ తిన్నవాడూ ఇద్దరూ కొన్ని ఫ్రేముల పాటు బిగుసుకుపోతారు. చూసేవాళ్లకు ఆ ఆగడం వల్లే దెబ్బకు బరువు వచ్చినట్టుంటుంది. ఆడేవాళ్లకు అది ఇంకో రకంగా పనికొస్తుంది. మొదటి దెబ్బ తగిలిందని గమనించి, దాని రికవరీని మధ్యలోనే తెంచేసి, తర్వాతి దెబ్బ కలిపే వ్యవధి అక్కడే దొరుకుతుంది. అలా కలుపుకుంటూ పోతే అది కాంబో. కాంబో పుట్టిందే అనుకోకుండా. 1991 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 2’ తయారవుతున్నప్పుడు, కారును ధ్వంసం చేసే బోనస్ ఘట్టాన్ని పరీక్షిస్తున్న నిర్మాత నోరితాకా ఫునామిజు కంట్లో ఈ దెబ్బల కలయిక పడింది. అందరూ పట్టుకోలేనంత కష్టమనుకున్నా దాన్ని తీసేయకుండా గుప్తంగా ఉండనిచ్చారు. ఆ తర్వాత వచ్చిన ఫైటింగ్ గేములన్నీ దాదాపు ఆ పునాది మీదే లేచాయి.

ఇన్ని భాగాల మీద ‘స్ట్రీట్ ఫైటర్ 3’ ఇంకొకటి చేర్చింది: పారీ. బ్లాక్ చేయడానికి స్టిక్ వెనక్కి లాగాలి కదా, పారీకి సరిగ్గా దెబ్బ వచ్చే క్షణాన ముందుకు ఒక్కసారి తట్టాలి. కాళ్ల మీదికి వచ్చే దెబ్బకైతే కిందికి తట్టాలి. కుదిరితే దెబ్బ ఆవిరైపోతుంది, ఒక్క చుక్క ప్రాణం కూడా పోదు, పైగా తిరిగి కొట్టే అదును చేతికొస్తుంది. కుదరకపోతే వెనక్కి పట్టుకున్న కవచం లేదు కాబట్టి దెబ్బ నిండుగా పడుతుంది. ఊరికే ముందుకు టకటకా తడుతూ ఉంటే పనిచేయదు. ఒక తట్టు గురి తప్పితే కాసేపటి వరకు మరో తట్టును ఆట లెక్కలోకి తీసుకోదు. కోలాటంలో ఎదుటివారి కోల ఎక్కడికి వస్తుందో అక్కడికి మన కోల తాళం తప్పకుండా చేరాలి. పారీ కోరేది ఆ చేరికనే, కాకపోతే ఎదుటివాడు తాళం మార్చి మోసం చేయాలని చూస్తుంటాడు.

ఈ భాగాలన్నీ ఒక్కచోట కలిసి పనిచేసిన ఘట్టం 2004లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం పొమోనాలో జరిగిన ఈవో అనే ఫైటింగ్ గేముల పోటీలో ఉంది. జపాన్‌కు చెందిన డైగో ఉమెహరా కెన్ పాత్రతో, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ చున్‌లీ పాత్రతో తలపడ్డారు. కెన్ ప్రాణం దాదాపు అయిపోయింది. మామూలు గుద్దునూ తన్నునూ బ్లాక్ చేస్తే ఏమీ పోదు. హదోకెన్ లాంటి స్పెషల్ దెబ్బలనూ, వాటికన్నా పెద్దవైన సూపర్ దెబ్బలనూ మాత్రం బ్లాక్ చేసినా కొద్దిగా ప్రాణం తరుగుతుంది. ఆ కొద్దిపాటిది కూడా కెన్ దగ్గర లేదు. చున్‌లీ దగ్గర సూపర్ సిద్ధంగా ఉంది. దాని పేరు హోయోకు-సెన్, వరసగా 15 తన్నులు. బ్లాక్ చేసినా చావే.

ఇప్పుడు ఆ 15 తన్నులను దగ్గరగా చూద్దాం. అవి సమానమైన ఎడంతో పడవు. ఒక కాలితో ఏడు గబగబా, చిన్న విరామం, మళ్లీ ఏడు, ఆ తర్వాత గాలిలోకి లేపే ఆఖరి తన్ను. ప్రతి తన్నుకూ డైగో స్టిక్ ఒకసారి ముందుకు వెళ్లి నడిమికి రావాలి. ముందుకు నెట్టి అలాగే పట్టుకుంటే కుదరదు. ఒక తట్టు ముందైనా వెనకైనా ఆట అక్కడితో సరి. అతను పద్నాలుగింటిని నేల మీదే తప్పించాడు. పదిహేనోదానికి పైకి ఎగిరి గాలిలో తప్పించాడు.

ఆ ఎగరడం ఆర్భాటానికి కాదు. చున్‌లీకి ఇంకా చెప్పుకోదగ్గ ప్రాణం ఉంది, మామూలుగా తిరిగి కొడితే అది తీరదు. గాలిలోంచి దిగుతూ కొట్టే తన్నుతో మొదలైతే కాంబో ఇంకా పెద్దదవుతుంది. చున్‌లీ ఆఖరి తన్ను రికవరీలో ఇరుక్కుని ఉండగా కెన్ దిగుతూ బలమైన తన్ను కొట్టాడు, కూర్చుని మధ్యరకం తన్ను కలిపాడు, దాన్ని తెంచి షోర్యూకెన్, దాన్నీ తెంచి షిప్పూ జిన్‌రాయ్‌క్యాకు అనే తన సూపర్. ఆ ఆట అక్కడితో ముగిసింది. ఫైనల్‌లో మాత్రం డైగో కెంజీ ఒబాటా చేతిలో ఓడాడు. అయినా రెండు దశాబ్దాలుగా జనం మళ్లీ మళ్లీ చూసేది ఈ కొద్ది సెకన్ల వీడియోనే.

ఆ తట్ల వరుసను ఓపిక ఉన్నవాళ్లెవరైనా సాధన చేయొచ్చు. సాధన గదిలో యంత్రం చేత చున్‌లీ సూపర్‌ను పదే పదే వేయించుకుని, ఏడూ ఏడూ ఒకటీ చేతికి అలవాటు చేసుకోవచ్చు. చాలామంది చేశారు కూడా. సాధనకు అందనిది మొదటి తట్టు ఒక్కటే. సూపర్ మొదలైనట్టు చూపే మెరుపు కనిపించాక ఆలోచించుకుని స్పందించేంత వ్యవధి మిగలదు. జస్టిన్ బటన్ నొక్కబోయే క్షణాన్నే డైగో ముందుగా పసిగట్టాలి. పసిగట్టడానికి ఆధారం ఉంది: బ్లాక్ చేసినా చంపే దెబ్బ చేతిలో ఉన్నవాడికి దాన్ని వాడాలనే అనిపిస్తుంది. ఏ దెబ్బ వస్తుందో ప్రత్యర్థి పరిస్థితే చెప్పేసింది, ఎప్పుడన్నదే మిగిలింది. ఆటగాళ్లు ఈ ఘట్టాన్ని చెప్పుకునేటప్పుడు పదిహేను తట్లనూ లెక్కపెడతారు. వాటిలో పద్నాలుగు ఆట తెలిసినవాడివి, మొదటిది ఎదుటి మనిషి తెలిసినవాడిది.