శిరోవస్త్ర వివాదమున రెండు తీర్పులు

కర్ణాటక విద్యాలయములలో హిజాబు ధరించుటను గూర్చి సుప్రీముకోర్టువారు 2022వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన వెలువరించిన తీర్పులు రెండును మేము చదివితిమి. ఒకే పీఠమున గూర్చుండిన న్యాయమూర్తు లిరువురును భిన్నాభిప్రాయులైరి. హేమంత్ గుప్తాగారు ప్రభుత్వపు ఉత్తరువును సమర్థించిరి. సుధాంశు ధూలియాగారు దానిని కొట్టివేసిరి. వివాద మంతటితో తేలక, విస్తృతతర ధర్మాసనమునకై ప్రధానన్యాయమూర్తికి నివేదింపబడెను. గెలుపోటముల లెక్క వార్తాపత్రికలకు విడుతము. ఒక బాలికను గూర్చి ఈ పెద్దలు ఏ ప్రశ్న వేసికొనిరన్నది మాకు విచార్యము.

పూర్వకథ సంగ్రహముగా నిది. ఉడిపిలోని యొక ప్రభుత్వ బాలికల కళాశాలలో 2021 డిసెంబరు చివర తలపై వస్త్రము కప్పుకొని వచ్చిన విద్యార్థినులను తరగతిలోనికి రానీయరైరి. వేఱుచోట్ల కాషాయపు కండువాలు ప్రతిగా బయలుదేఱినవి. ఫిబ్రవరి 5వ తేదీన ప్రభుత్వము యూనిఫారమును గూర్చి ఉత్తరువు చేసెను. మార్చి 15వ తేదీన హైకోర్టువారు, హిజాబు ఇస్లాముమతమున కత్యావశ్యకమైన ఆచారము కాదని చెప్పి, ఆ యుత్తరువు చెల్లునని తీర్మానించిరి.

ఈ 'అత్యావశ్యకము' అను కొలబద్ద పుట్టుక వింతయైనది. దానికిని మూలము ఉడిపియే. అచ్చటి శిరూరు మఠాధిపతికిని మద్రాసు దేవాదాయశాఖ కమీషనరునకును నడచిన వ్యాజ్యెములో, ఒక మతమున కావశ్యకమైన దేదియో ప్రధానముగా నా మతసిద్ధాంతములనుబట్టియే తెలిసికొనవలెనని 1954లో సుప్రీముకోర్టువారు చెప్పిరి. మఠములపై సర్కారు పెత్తనమునకు హద్దు గీయుటకు పనికివచ్చిన మాట యది. పోనుపోను ఆ నిర్ణయమును న్యాయస్థానములే చేతికి దీసికొనినవి. 1983లో ఆనందమార్గుల తాండవనృత్యము విచారణకు వచ్చినప్పుడు, ఆ మార్గమే 1955లో పుట్టినది, నృత్యవిధి 1966లో గాని చేరలేదు, కావున నది యావశ్యకము గాదనిరి. ప్రాచీనత లేనివానికి అంతరాత్మ యుండదు కాబోలు!

ఈ కొలబద్దతో కొలుచునప్పుడు, "నీ మతము నిన్ను శాసించుచున్నదా?" యని ప్రశ్న. దానికి బదులు చెప్పవలసినవాడు గ్రంథములు చదివిన మౌల్వి. "నా యిష్టముచే కప్పుకొంటిని" అను పిల్ల మాటకు ఆ విచారణలో చోటు లేదు. తాను నిర్బంధములో నున్నానని నిరూపించుకొన్నవారికే స్వేచ్ఛ దొరకునట! ఇంతకన్న విడ్డూర మేమున్నది?

ధూలియాగారు ఈ చిక్కును గుర్తించిరి. ఆవశ్యకతాచర్చ అనవసరమనియు, ఇది యామె యెంపికకు సంబంధించినదనియు వ్రాసిరి. ఇంటిపనులు ముగించుకొని బడికి బోవు పల్లెటూరి బాలిక అవస్థను స్మరించి, ఈ నిషేధముచే నామె బ్రతుకు మెఱుగగుచున్నదా యని యడిగిరి. జాతీయగీతము పాడక గౌరవముగా నిలుచుండిన కేరళ బాలలను బడినుండి వెళ్లగొట్టుట తప్పని చెప్పిన 1986 నాటి తీర్పును ఆధారము చేసికొనిరి. ప్రభుత్వపాఠశాలలో పిల్లలందఱును సమానముగా గనబడవలెనను గుప్తాగారి మాట తేలికగా త్రోసివేయదగినది గాదు. పేదబిడ్డకు యూనిఫారము ఎంత మేలు చేసినదో మే మెఱుగుదుము.

అయినను పదునాఱేండ్ల పిల్ల యిష్టములో ఆమె పాలెంత, తండ్రి పాలెంత? ధూలియాగారి తీర్పులో దీనికి చాలినంత సమాధానము మాకు కనబడలేదు. మన యిండ్లలో వితంతువుల తలలు గొఱిగించిన దినములలో "ఆమెయే కోరుకొనినది" అని బంధువు లనకపోలేదు. కాని 1856 నాటి చట్టము ఏ వితంతువును పెండ్లియాడుమని శాసింపలేదు. ఆడినచో చెల్లునని మాత్రము చెప్పినది. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినది ఆ యనుమతి యండతోనే. అంతకు మునుపే, 1874లో, వారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిరి. బొట్టు చెఱిపివేసికొని, నగలు తీసివేసి రమ్మని ఆనాడు గుమ్మమున నిలువరించియుండిన ఎందఱు తల్లులు తమ కూతుండ్రను పంపియుందురు? ఇంట నిర్బంధ మున్న పిల్లకే బడి మఱింత కావలెను. ఇరానులో 1936లో రజాషా పోలీసులచేత ముసుగులు తీయించినప్పుడు, వీధికి రాజాలక ఇండ్లలోనే యుండిపోయిన స్త్రీలు కలరు. 1983లో అదే దేశమున, ముసుగు లేనివారికి 74 వఱకు కొరడాదెబ్బలు శాసనమయ్యెను.

హైకోర్టు తీర్పులో నొక సంగతిని గూర్చి లోకమున చర్చ తక్కువగా జరిగినది. యూనిఫారము రంగుదే యైన వస్త్రమును కప్పుకొనెదమని విద్యార్థినులు మనవి చేసికొనిరి. కేంద్రీయ విద్యాలయములలో నట్టి యనుమతి కలదని వారి వకీళ్లు వాదించిరి. అట్లయిన విద్యార్థినులలో రెండు తరగతు లేర్పడునని చెప్పి న్యాయమూర్తులు దానిని నిరాకరించిరి. అదే రంగు, కావలసినచో అదే గుడ్డ. తల కప్పుటకు ఒక మూర యెక్కువ పట్టును.