రామదండు కట్టిన తీరు

1921 మార్చి 31న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం మొదలైంది. గాంధీ వస్తున్నారని తెలిసి చుట్టుపక్కల జిల్లాల జనం ఊరు పట్టనంతగా వచ్చిపడ్డారు. సర్కారుతో సహాయ నిరాకరణ నడుస్తున్న రోజులు కనుక ఆ జనాన్ని అదుపు చెయ్యమని పోలీసులను అడగడానికి లేదు. ఆ పనిని నెత్తిన వేసుకున్నది చీరాల నుంచి వచ్చిన యువకులు. ఒంటి మీద కాషాయం, మెళ్ళో రుద్రాక్షలు, నుదుట సిందూరం, నోట రామభజన. వాళ్ళ పేరు రామదండు. దాన్ని కట్టినాయన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్ళు నిండలేదు.

చీరాల-పేరాల ఉద్యమం మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరాతో సరిపోతుంది. మున్సిపాలిటీ వద్దన్నారు, పన్ను కట్టలేదు, ఊరు ఖాళీ చేశారు, నాయకుడు జైలుకు పోయాడు. అంతే. పదమూడు వేల పైచిలుకు జనం ఒకేసారి గడప దాటి వెళ్ళి, ఎండలో, వానలో నెలల తరబడి నిలబడాలంటే దాని వెనక ఎంత పని జరిగి ఉండాలో ఆ పేరాలో కనపడదు. ఆ పని చేసినవాళ్ళు జీతం లేని కుర్రాళ్ళు. వాళ్ళను అలా తయారు చెయ్యడంలో ఒక పనితనం ఉంది. నన్ను ఆకట్టుకున్నది అదే.

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజున తల్లి పోయింది, మూడేళ్ళకు తండ్రి పోయాడు. పెంచింది నాయనమ్మ, బాబాయి. హైస్కూలులో ఉండగానే తోటి పిల్లలను పోగేసి పాటలకూ నాటకాలకూ ఒక మండలి పెట్టారట. బాపట్ల తాలూకా కచేరీలో ఏడాది పాటు గుమస్తాగిరీ చేశారు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఓడెక్కి ఎడింబరో వెళ్ళి అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేశారు. తిరిగొచ్చి రాజమండ్రి కాలేజీలో, తరవాత బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఎక్కడా పై అధికారులతో పొసగలేదు. చివరికి చీరాల చేరుకుని ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి స్థాపించారు.

ఈ జీవితంలో రామదండును అర్థం చేసుకోవడానికి పనికొచ్చేది ఎడింబరో డిగ్రీ అని నేననుకోను. అక్కడ ఉండగా కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో ఏర్పడ్డ స్నేహం చాలా ఎక్కువ పనికొస్తుంది. వాళ్ళిద్దరూ కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ‘ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్’ పేరుతో 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. శిరోభేదాలు తొమ్మిది, దృష్టి భేదాలు ఎనిమిది, మెడ కదలికలు నాలుగు అంటూ మనిషి ఒంటిని భాగాలుగా విడదీసి, దేనితో ఏ అర్థం పలుకుతుందో చెప్పే గ్రంథం అది. మెడ ఎటు తిప్పితే చూసేవాడికి ఏం తోస్తుందో అంత నిశితంగా చదివిన మనిషి, నాలుగేళ్ళు తిరగకుండానే వెయ్యి మంది దాకా కుర్రాళ్ళను జనం మధ్య నిలబెట్టాల్సి వచ్చింది. ఆ చదువు ఈ పనిలో కనపడకుండా ఎలా ఉంటుంది?

ముందు వేషం సంగతి చూడండి. ఆ రోజుల్లో యూనిఫాం వేసుకున్న దళాలు కొత్తేమీ కావు. చీరాలకు కూతవేటు దూరంలో, స్టూవర్టుపురంలో, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు అప్పటికే ఎరుకల వాళ్ళ సెటిల్‌మెంటు నడుపుతున్నారు. ఆ ఆర్మీ వాళ్ళకు సైనిక హోదాలు, బ్యాండు మేళం అన్నీ ఉన్నాయి. ఇంగ్లండులో బేడెన్ పొవెల్ స్కౌటు ఉద్యమం 1908 నాటికే ఊపందుకుంది. గోపాలకృష్ణయ్య ఆ బాటలో పోలేదు. నిక్కరు, బెల్టు, ఈల వద్దనుకుని కాషాయం, రుద్రాక్ష, సిందూరం తీసుకున్నారు.

ఇది భక్తి ఒక్కటే అనుకుంటే పొరపాటు. మన ఊళ్ళలో కాషాయం కట్టినవాడి మీద ఎవరూ తేలిగ్గా చెయ్యి వెయ్యరు, కోపంలో ఉన్న కానిస్టేబులైనా ఒక్క క్షణం ఆగుతాడు. అంతకంటే ముఖ్యం, కాషాయం కట్టినవాడికి తన చెయ్యి లేపడం సిగ్గనిపిస్తుంది. ఇరవయ్యేళ్ళ కుర్రాడి చేతికి కర్రిచ్చి కొట్టకురా అని చెప్పడం ఒక పద్ధతి, కొడితే తనకే పరువు తక్కువ అనిపించే బట్ట కట్టించడం ఇంకో పద్ధతి. రెండోదాంట్లో వెయ్యి మంది వెనక వెయ్యి మంది కాపలా అక్కర్లేదు.

తరవాత పాట. గోపాలకృష్ణయ్య గొప్ప గాయకుడు, అప్పటికప్పుడు చాటువులు కట్టి నవ్వించేవారు, గిల్లేవారు కూడా. ఆయన సభకు జనం ప్రసంగం వినడానికి ఎంత వచ్చేవారో ఆ పాట కోసం అంత వచ్చేవారు. దండును ఊరేగించేటప్పుడు నినాదాల కంటే భజనను నమ్ముకున్నారు. భజన గుంపులో అడుగూ తాళమూ వాటంతటవే కుదురుతాయి, ఎడమ కుడి అని ఎవరూ అరవనక్కర్లేదు. ఊళ్ళో ప్రతి రామమందిరం దగ్గరా చిన్నప్పటి నుంచీ కొడుతూ వచ్చిన తాళమే కనుక కొత్తగా నేర్పాల్సిందీ లేదు. జంగం కథలు, తోలుబొమ్మలాట లాంటి పల్లె కళల మీద ఆయనకున్న మమకారం ఇలా పనికొచ్చింది. దుస్తులు, పాట, తాళం ఏదీ బయటి నుంచి తెచ్చుకున్నది కాదు కనుకే ఖర్చూ తక్కువ, శిక్షణకు పట్టే కాలమూ తక్కువ.

ఇక ఈ దండుకు అసలు పరీక్ష చీరాలలోనే ఎదురైంది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చెయ్యడానికి పూనుకుంది. అప్పటిదాకా ఏడాదికి 4,000 రూపాయలతో గడిచిపోయిన చోట పన్నుల భారం 40,000 రూపాయలకు పెరిగింది. ఊళ్ళో ఎక్కువమంది నేతగాళ్ళు, చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్ళు. కట్టలేమన్నారు, కట్టబోమన్నారు. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్ళిన తొలి బృందంలో ఒక మహిళ కూడా ఉంది. బెజవాడ సమావేశం అయ్యాక, 1921 ఏప్రిల్ 6న, గాంధీ చీరాల వచ్చారు. ఆయన చెప్పిన దారులు రెండు. శాంతిగా పన్ను నిరాకరించి ఏ శిక్షకైనా సిద్ధపడటం ఒకటి, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం రెండోది. హద్దులో మనుషులే లేకపోతే పన్ను వెయ్యడానికి ఎవరుంటారు? చీరాల రెండో దారి పట్టింది.

ఏప్రిల్ 25న ఊరు కదిలింది. 15,326 మంది జనాభాలో 13,572 మంది ఇళ్ళు వదిలారు. గాంధీ వచ్చి వెళ్ళిన నాటి నుంచి మూడు వారాలు కూడా లేదు.

ఈ అంకెలు చదివి ఆశ్చర్యపోవడం తేలిక. మగ్గం తెలిసినవాళ్ళకు మాత్రం వేరే ప్రశ్న పుడుతుంది. గుంట మగ్గం మంచంలా భుజాన వేసుకుని పోయేది కాదు. నేలలో గుంట తవ్వాలి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని తొక్కాలి. చీరాల నేల ఇసుక, తవ్విన గుంట అంచు నిలవాలంటే దానికి ఆసరా కట్టుకోవాలి. పడుగు ఎక్కించి ఉన్న మగ్గాన్ని విప్పితే సగం నేసిన బట్ట గతేమిటి? కొత్త చోట పడుగు సాగదీసి గంజి పట్టించడానికి ఎండా, నీడా, పొడవాటి వీధీ కావాలి. కండెలు చుట్టే ఆడవాళ్ళకూ ముసలివాళ్ళకూ కాస్త చల్లటి చోటు కావాలి. వాన పడితే నూలు తడవకూడదు. ఒక్క నేత కుటుంబం కదిలితేనే ఇంత తతంగం. అలాంటి వేల కుటుంబాలు వేసవి నడిబొడ్డున కదిలాయి. రోహిణి కార్తె వాళ్ళకు తాటాకు పాకల కిందే వచ్చింది. ఆ తరవాత వానలు, ఆ తరవాత కోస్తాలో తుఫాన్ల కాలం.

ఆ కొత్త పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. అక్కడ రామదండు పని ఊరేగింపుల నుంచి ఊడిగానికి మారింది. కాపలా, కట్టుబాటు, కూలిన పాకకు సాయం, కలిసి భజన, బయటి ఊళ్ళ నుంచి చందాలు. పాలనకు కులాల వారీగా ప్రతినిధులతో ఒక సభ, తగవులు తీర్చడానికి మధ్యవర్తుల కోర్టు ఏర్పాటు చేసుకున్నారు. దండును పెద్దల మీద అధికారం చేసే బలగంగా తయారు చెయ్యకపోవడం నాకు బాగా నచ్చింది. తీర్పు పెద్దలది, పరుగు కుర్రాళ్ళది. సేవా సంఘాల్లో గొడవలన్నీ ఈ గీత చెరిగిన దగ్గరే మొదలవుతాయని ఏ ఊరి యువజన సంఘాన్ని అడిగినా చెబుతారు.

ఈ పనికి జోడుగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. చీరాలకు ఉత్తరాన, పత్తీ మిరపా పండే నల్లరేగడిలో, పెదనందిపాడు ఫిర్కా. 1922 మొదట్లో అక్కడి రైతులు భూమి శిస్తు కట్టడం మానేశారు. కరణాలు, మునసబులు రాజీనామా చేశారు. నడిపించింది పర్వతనేని వీరయ్య చౌదరి, ఆయన కట్టిన యువకుల దళం పేరు శాంతిసేన. జప్తులకు అధికారులు వచ్చినప్పుడు ఊరివాళ్ళెవరూ చెయ్యి చేసుకోకుండా చూడటం శాంతిసేన వంతు. పశువును తోలుకుపోతుంటే రైతు కొడుకును పక్కకు తీసుకెళ్ళి నిలబెట్టడం ఎంత కష్టమో ఊహించండి. చీరాల దండులో కళ ఎక్కువ, పెదనందిపాడు సేనలో నిబ్బరం ఎక్కువ. చౌరీ చౌరా హింస తరవాత గాంధీ ఉద్యమం ఆపెయ్యడంతో ఆ ఫిబ్రవరిలోనే అదీ ఆగింది. అంత కోపం మరిగిన చోట నెత్తురు పారకపోవడంలో ఆ సేనకున్న వాటా తక్కువేమీ కాదు.

రామదండులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. రాముడి పేరు, రుద్రాక్ష ఊళ్ళో అందరికీ ఒకేలా తలుపు తియ్యవు. నేతపేటలో చప్పున అందుకున్న భజన, ముస్లిం ఇళ్ళున్న వీధిలో అంత సులువుగా పలకదు. అంతకంటే పెద్ద లోపం, అంతా ఒక్క మనిషి గొంతు మీద నిలబడటం. గుంటూరు జిల్లాలో ఆయన మాట్లాడకూడదని సర్కారు నిషేధం పెట్టింది. రామనగర్‌కు చందాలు పోగు చెయ్యడానికి తిరుగుతూ బరంపురం ఆంధ్ర మహాసభకు వెళ్ళినప్పుడు, 1921 సెప్టెంబరు 30న, ఆయన్ను పట్టుకున్నారు. ఏడాది శిక్ష వేసి తిరుచ్చి జైలుకు పంపారు. ఆ ఏడాది చివరికల్లా దేశంలో చాలా చోట్ల వలంటీరు దళాలనే చట్టవిరుద్ధం చేశారు. ఆయన తరవాత రెండో వరసలో దండును అదే తాళంలో నడిపే మనిషి దొరకలేదు. జబ్బులు, చలి, డబ్బు లేమి ఒకదాని మీద ఒకటి వచ్చాయి. 1922 ఫిబ్రవరికల్లా జనం పాత ఇళ్ళకు తిరిగొచ్చారు. చందా పోగు చెయ్యడం, భజన నడపడం, తగవుల దగ్గర నిలబడటం పదిమందికి విడివిడిగా అప్పగించి ఉంటే ఏమయ్యేదో కానీ, అంత పెద్ద పనికి అంత చిన్న పునాది వెయ్యడం మాత్రం తప్పే.

గోపాలకృష్ణయ్య క్షయతో 1928 జూన్ 10న కన్నుమూశారు. ముప్పై తొమ్మిదేళ్ళు. విజయవాడలోని ఆంధ్రరత్న భవన్ ఆయన బిరుదు మీద పెట్టిన పేరే. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు (తరవాత దాని పేరే ప్రకాశం), 2022 నుంచి బాపట్ల. జిల్లాలు మారుతూ వచ్చేసరికి ఈ కథ ఎవరి జిల్లా చరిత్ర పుస్తకంలోనూ నిండుగా చేరకుండా పోయిందేమోనని నాకు అనుమానం.

ఈ ప్రాంతపు కాలేజీల్లో ఎన్.ఎస్.ఎస్. యూనిట్లు నడిపే అధ్యాపకులకు ఒక మనవి. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు, ఫొటోలు, సర్టిఫికెట్లు మీకెలాగూ తప్పవు. ఆ ఏడు రోజుల్లో ఒకటి చీరాలకు కేటాయించండి. పిల్లల్ని ఒక గుంట మగ్గం ముందు కూర్చోబెట్టి, దీన్ని ఇక్కడి నుంచి కదిలించి పాకలో మళ్ళీ నిలబెట్టాలంటే ఎంతమంది కావాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఆ ఇంటివాళ్ళు అందాకా ఏం తింటారు అని నేతగాణ్ణే అడగమనండి. మిగిలిన ఆరు రోజులూ ఏ పని చెయ్యాలో ఆ జవాబు విన్న పిల్లలనే తేల్చుకోనివ్వండి.