సమష్టి సృష్టి, ఏక యాజమాన్యం: కొత్తవాడ జంపఖానా సాక్ష్యంగా ఒక విమర్శ

ప్రవేశిక

తెలుగు జానపద విజ్ఞాన అధ్యయనంలో ‘సమష్టి కర్తృత్వం’ అన్న మాట నిర్వచనంలో భాగమైపోయింది. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసిన కాలం నుంచి నేటి సిద్ధాంత గ్రంథాల దాకా మౌఖికత, అజ్ఞాత కర్తృత్వం, సమష్టి కర్తృత్వం అనే లక్షణాలను మొదటి అధ్యాయంలో వరుసగా పేర్కొనడం ఆనవాయితీ. ఒక పాటను, ఒక కథను, ఒక నేతను ఎవరు సృష్టించారన్న ప్రశ్నకు ఈ పదాలు సమాధానం ఇస్తాయి. సృష్టి అయినదానికి యజమాని ఎవరు, దానిని అమ్మే అధికారం ఎవరికి ఉంది అన్న ప్రశ్న దగ్గర మాత్రం మౌనం వహిస్తాయి. పదిమంది కలిసి చేసినది పదిమందికీ చెందుతుందన్న ఊహ ఈ మౌనం వెనుక ఉంది. ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసిన అవసరం ఇప్పుడు ఏర్పడింది.

ఆ అవసరాన్ని స్పష్టంగా చూపిన ఉదాహరణ జానపద రంగానికి చాలా దూరంలో, సైకిలు తొక్కేవారి మధ్య కనిపిస్తుంది. మెల్‌బోర్న్ నగరంలో 2008లో ఒక సైక్లిస్టు సొంత రాతలతో మొదలైన ‘సైక్లింగ్ టిప్స్’ క్రమంగా ఒక అంతర్జాతీయ సమూహానికి కూడలి అయింది. చేతులు మారుతూ వచ్చిన ఆ వేదిక 2021లో ‘పింక్‌బైక్’, ‘ట్రెయిల్‌ఫోర్క్స్’లతో పాటు అమెరికాకు చెందిన ‘ఔట్‌సైడ్’ సంస్థ వశమైంది. 2022 నవంబరులో దాని సంపాదక వర్గంలో పలువురిని తొలగించారు. మరుసటి ఏడాది ఆ పేరు కూడా అదే సంస్థకు చెందిన ‘వెలో’లో కలిసిపోయింది. బయటికి వచ్చినవారిలో కొందరు 2023లో పాఠకుల సభ్యత్వ రుసుముతో నడిచే ‘ఎస్కేప్ కలెక్టివ్’ను స్థాపించారు. జర్మనీలో 2010లో ప్రారంభమైన ‘కొమూట్’ కథ ఇంకా సూటిగా ఉంటుంది. సైకిలుపైనా కాలినడకనా తిరిగేవారు నమోదు చేసిన దారులే దాని సంపద. 2025 మార్చిలో ఇటలీకి చెందిన ‘బెండింగ్ స్పూన్స్’ దానిని కొన్నది. తర్వాత ఉద్యోగుల్లో అత్యధికులను తొలగించింది.

ఈ క్రయవిక్రయాల్లో గమనించవలసిన అంశం ధర కాదు. ఒక సైక్లిస్టు నమోదు చేసిన ఒక్క దారికి మార్కెట్లో విలువ లేదు. లక్షల దారులు ఒకచోట చేరినప్పుడు, వాటికోసం రోజూ అక్కడికి రావడం జనానికి అలవాటైనప్పుడు విలువ పుడుతుంది. కొనుగోలుదారు చెల్లించేది ఆ కూడికకూ, ఆ అలవాటుకూ. ఆ రెండింటినీ సమకూర్చినవారు ఒప్పంద పత్రంలో పక్షాలు కారు. కొనుగోలు జరిగినప్పుడల్లా ‘మన చోటును అమ్మేశారు’ అన్న ఆవేదన వినిపించడం సహజమే కాని, అందులో ఒక పొరపాటు ఉంది. చట్టం దృష్టిలో ఆ చోటు మొదటి రోజు నుంచీ ఒకరి ఆస్తి. సమూహం అందులో పని చేసింది, అంతే. కౌలుదారు చేనును తన చేను అనుకోవడం వంటిది ఇది. పంట బాగా పండినన్నాళ్లూ పట్టా ఎవరి పేరున ఉందన్న ప్రశ్న రాదు.

తెలుగు వికీపీడియా వంటివి ఈ చిక్కును ముందే ఊహించిన ప్రయత్నాలు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలోని పాఠాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రాసినవారిని పేర్కొని, తీసుకున్నదానిని అవే షరతులపై ఇతరులకు వదలాలి. అయితే అక్కడ కూడా పేరు, సర్వర్లు ఒక సంస్థ అధీనంలోనివే. పాఠం స్వేచ్ఛగా ఉన్నంత మాత్రాన చోటు స్వేచ్ఛగా ఉండదు.

అమ్మకానికి వీలులేని పేరు

సమూహం సృష్టించినదానిని చట్టమే అమ్మకానికి వెలుపల నిలిపిన సందర్భం తెలుగు నేల మీదనే ఉంది. వరంగల్ నగరంలోని కొత్తవాడ జంపఖానాల నేతకు ప్రసిద్ధి. పేక దారం పడుగును పూర్తిగా కప్పివేసే ఈ మందమైన నేతను ఆ ప్రాంతంలో జంపఖానా అనీ, దర్రీ అనీ పిలుస్తారు. ఇక్కత్ పద్ధతిలో ముడివేసి రంగులద్దిన నూలుతో నేసినవీ, నేసిన తర్వాత అచ్చులతో అద్దకం వేసినవీ ఇందులో రకాలు. 2018లో ‘వరంగల్ దర్రీలు’ భౌగోళిక సూచికగా నమోదయ్యాయి.

ఈ నమోదును పత్రికలు, ప్రభుత్వ ప్రకటనలు సాధారణంగా గౌరవ చిహ్నంగా వర్ణిస్తాయి. బిరుదు ప్రదానం వంటి ఆ వర్ణనలో చట్టంలోని అసలు విశేషం మరుగున పడుతున్నది. 1999 నాటి వస్తువుల భౌగోళిక సూచికల చట్టం 24వ సెక్షను ప్రకారం నమోదైన సూచికపై ఉన్న హక్కును బదిలీ చేయడానికీ, లైసెన్సుగా ఇవ్వడానికీ, కుదువ పెట్టడానికీ, తనఖా పెట్టడానికీ వీలులేదు. అధీకృత వినియోగదారుగా నమోదైన వ్యక్తి మరణిస్తే ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది, అంతే. 25వ సెక్షను అటువంటి పేరును ఎవరో ఒకరు ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడాన్ని నిరోధిస్తుంది. ‘సైక్లింగ్ టిప్స్’ అన్న పేరును కొన్నట్టుగా ‘వరంగల్ దర్రీ’ అన్న పేరును ఏ కంపెనీ కొనలేదు. అమ్మడానికి సంతకం చేయగల వ్యక్తే లేడు. ఆస్తి హక్కు అంటే అమ్ముకునే హక్కు అని భావించే న్యాయశాస్త్రంలో ఇది అరుదైన మినహాయింపు.

ఇక్కడితో ఆగితే ఇది విజయగాథ అవుతుంది. కొత్తవాడ మగ్గం ఆ గాథను సమర్థించదు. సూచిక కాపాడేది పేరును. నేత పద్ధతిని కాదు, నమూనాను కాదు. ఇదే రూపాన్ని మరొక ఊరిలో నేసి, మరొక పేరుతో అమ్మడాన్ని అది ఆపలేదు. తరతరాల నమూనాలు ఇప్పటికే లోకవిదితం కనుక 2000 నాటి డిజైన్ల చట్టం కింద వాటికి రక్షణ దొరకదు. ఆ నమూనాలో చిన్న మార్పు చేసి, అది కొత్తదని నిరూపించుకోగల వ్యాపారికి దొరికే అవకాశం ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం జంపఖానాను చేనేతకు కేటాయించిన వస్తువుల జాబితాలో చేర్చింది. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. మొదట 22గా ఉన్న ఆ జాబితాను 1996లో 11కు కుదించినప్పుడూ జంపఖానా అందులో మిగిలింది. కాగితం మీద చూస్తే దేశంలో ఇంత రక్షణ ఉన్న సామూహిక సృష్టి మరొకటి దొరకడం కష్టం.

మగ్గం మీద కూర్చున్నవాని జీవితాన్ని నిర్ణయించేవి మాత్రం నూలు, రంగు, ఆర్డరు. నూలు ధర ఆయన చేతిలో ఉండదు. నేసిన సరుకును సహకార సంఘం తీసుకోవాలి, సంఘం నుంచి రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో కొనాలి, టెస్కో నుంచి ప్రభుత్వ వసతి గృహాలకు చేరాలి. ఈ గొలుసులో ఒక చోట బిల్లు ఆలస్యమైతే కొత్తవాడలో మగ్గం ఆగుతుంది. సంఘం వెలుపల పనిచేసేవారికి మాస్టర్ వీవరే నూలు ఇచ్చేవాడు, కూలి నిర్ణయించేవాడు, సరుకు కొనేవాడు. సైక్లిస్టుల వేదికను కొన్న సంస్థ ఒక్క ఒప్పందంతో సాధించినదాన్ని ఇక్కడ ఏ ఒప్పందమూ లేకుండానే సాధించవచ్చు. పేరును కొననక్కరలేదు, పేరు గలవాడు ఎవరికి అమ్మాలో ఆ దారిని అధీనంలో ఉంచుకుంటే చాలు. భౌగోళిక సూచికల గురించిన ప్రశంసాత్మక రచనలు తప్పుతున్నది ఈ బిందువు దగ్గరే. అవి పేరును యాజమాన్యంగా పొరబడుతున్నాయి.

అదే నగరంలోని ఆజంజాహి మిల్లు చరిత్రను దీని పక్కన పెడితే భేదం తేటతెల్లమవుతుంది. నిజాం కాలంలో 1934లో నెలకొల్పిన ఆ మిల్లు 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, 2002లో మూతపడింది. మిల్లుకు యజమాని ఉన్నాడు కాబట్టి దానిని ఒక తేదీన మూయగలిగారు. ఆ తేదీ చరిత్రలో నమోదైంది. కొత్తవాడ మగ్గాలకు ఒక యజమాని లేడు. అవి ఒక్కొక్కటిగా, ఒక్కొక్క ఇంట్లో ఆగిపోతాయి. వాటికి మూసివేత తేదీ ఉండదు. 2017లో గీసుగొండ మండలంలో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉద్దేశాల్లో సూరత్, భివండీ వలస వెళ్లిన నేతకార్మికులను తిరిగి రప్పించడం ఒకటి. వారు వెనక్కి వచ్చినా చేరేది పెద్ద కంపెనీల యంత్రాల దగ్గరికే, కొత్తవాడ గుంటమగ్గం దగ్గరికి కాదు.

ముగ్గురి చేతిలోని పటం

యాజమాన్యాన్ని ఒక్కచోట చేరనీయకుండా చూసుకున్న మరొక ఏర్పాటు ఈ నేత సమాజం చుట్టూనే ఉండేది. కొత్తవాడ నేతపనివారిలో పద్మశాలీలు ప్రధాన వర్గం. వారి కులపురాణమైన మార్కండేయ పురాణాన్ని పటం చూపుతూ గానం చేసే ఆశ్రిత కులం కూనపులివారు. భావనాఋషి కథ అందులో కీలకం. ఆ పటాన్ని చిత్రించేది చేర్యాల నకాషీలు. కథ పద్మశాలీలది, కథాగానం కూనపులివారిది, చిత్రణ నకాషీలది. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలన్నది కూనపులివారి మధ్య వంశపారంపర్య హక్కుగా పంపకమై ఉండేది. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ మొత్తాన్ని అమ్మలేరు. పాతబడిన పటాన్ని నీటిలో నిమజ్జనం చేసే ఆచారం కూడా దానిని సరుకుగా భావించని దృష్టినే తెలుపుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో అటువంటి పాత పటాలు సేకర్తల చేతికీ, హైదరాబాదులోని జగదీశ్ కమలా మిత్తల్ మ్యూజియం వంటి చోట్లకూ చేరాయి. నకాషీలు కథాగాయకుల కోసం పొడవాటి పటాలు వేయడం తగ్గి, గోడకు తగిలించే చిన్న చిత్రాలు, ముసుగులు మార్కెట్టుకు చేయడం పెరిగింది. ఇందులో కొనుగోలుదారుకు దక్కింది గుడ్డ మాత్రమే. కథ చెప్పే హక్కు అతనికి రాలేదు. అయినా గానం బలహీనపడింది. అమ్మకానికి వీలులేకపోవడం ఒక సృష్టిని దొంగతనం నుంచి కాపాడవచ్చు. పోషకుని దారిద్ర్యం నుంచి కాపాడలేదు. నేతగాని మగ్గం ఆగిన ఇంటి ముందు పటం విప్పేవానికి ప్రతిఫలం ఎక్కడిది?

ఈ ఏర్పాటును ఆదర్శంగా చూపడం కూడా సరికాదు. ఆశ్రిత కులపు హక్కు ఒకే కులాన్ని యాచించే హక్కు. అది బంధం కూడా. ఔట్‌సైడ్ నుంచి బయటపడిన రచయితలు కొన్ని నెలల్లో మరొక వేదికను నిర్మించుకోగలిగారు, పాఠకులు వారి వెంట నడిచారు. కూనపులి గాయకుడు పద్మశాలి గడపను విడిచి మరొక పోషకుని వద్దకు పోలేడు, ఎందుకంటే ఆ పురాణం మరొకరిది కాదు. కొత్తవాడ నేతగాడు బయటికి పోవడమంటే వృత్తినే విడవడం, లేదా భివండీ రైలెక్కడం. సామూహిక యాజమాన్యం గురించిన చర్చల్లో ‘నచ్చకపోతే వెళ్లిపోవచ్చు’ అన్న వాదం తరచుగా వినబడుతుంది. వెళ్లడానికి అయ్యే ఖర్చు అందరికీ ఒకటి కాదన్న సంగతిని ఆ వాదం దాటవేస్తుంది.

పరిశోధకుని చేతిలోని రికార్డింగు

ఈ ప్రశ్న విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు వెలుపలిది కాదు. క్షేత్ర పర్యటనలో సేకరించిన ఆశ్రిత కులాల కథాగానాలు, నేతపాటలు దశాబ్దాలుగా క్యాసెట్లలోనూ, ఇప్పుడు సెల్‌ఫోన్లలోనూ నిల్వ అవుతున్నాయి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 38వ సెక్షను ప్రదర్శకునికి తన ప్రదర్శనపై ప్రత్యేక హక్కును గుర్తిస్తుంది. 2012 సవరణ ఆ హక్కును విస్తరించి, ప్రదర్శకునిగా గుర్తింపు పొందే నైతిక హక్కును కూడా చేర్చింది. పరిశోధకునికి వెసులుబాటు 39వ సెక్షనులో ఉంది: నిజమైన బోధన, పరిశోధనల కోసమే చేసిన రికార్డింగు ఆ హక్కుకు భంగం కాదు. ‘కోసమే’ అన్న ప్రత్యయంలోనే సరిహద్దు ఉంది. అదే రికార్డింగును ప్రకటనల ఆదాయం వచ్చే వీడియో వేదికపై పెట్టినప్పుడు, లేదా యంత్రానువాద సంస్థలకు భాషా సామగ్రిగా ఇచ్చినప్పుడు ఆ వెసులుబాటు వర్తిస్తుందని చెప్పడం కష్టం. అప్పుడు పరిశోధకుని స్థానం వేదికను నిర్మించి అమ్మిన వ్యక్తి స్థానానికి దగ్గరవుతుంది. కూడిక ఆయనది, కూర్చినది ఇతరులది.

‘అజ్ఞాత కర్తృత్వం’ అన్న లక్షణం ఈ సందర్భంలో నిరపాయకరమైన శాస్త్రీయ పదం కాదు. కథకు తొలి కర్త అజ్ఞాతుడు కావచ్చు. ఆ రోజు, ఆ వాకిట్లో, ఆ పటం ముందు నిలిచి పాడినవాడు అజ్ఞాతుడు కాడు. రెండింటినీ ఒకే పదం కింద కలపడం వల్ల ప్రదర్శకుని హక్కు అనే ప్రశ్న పుట్టకముందే మాసిపోతున్నది. సిద్ధాంత గ్రంథాల అనుబంధంలో సాధారణంగా కనిపించే వక్తల పట్టికలో పేరు, వయస్సు, కులం, గ్రామం, సేకరించిన తేదీ అనే గడులు ఉంటాయి. ఆ రికార్డింగును దేనికి వాడవచ్చని వక్త అంగీకరించాడో చెప్పే గడి ఆ పట్టికల్లో అరుదు.