‘ద్వారా’కు నిరూపణ: మధ్యవర్తిత్వ పరీక్ష వెలుగులో ‘కన్యాశుల్కం’ చర్చ

నాటకం ద్వారా సంఘం మారిందన్న మాట ‘కన్యాశుల్కం’ విమర్శలో తరచు కనిపిస్తుంది. సంస్కరణోద్యమం నాటకాన్ని పుట్టించిందనీ, నాటకం ప్రేక్షకుల మనసు మార్చిందనీ, తద్వారా దురాచారం తగ్గిందనీ ఈ వాదన సారాంశం. ఇందులోని ‘ద్వారా’ అనే పదం ఎంతటి నిరూపణను కోరుతుందో సాంఘిక శాస్త్రాలలోని మధ్యవర్తిత్వ పరీక్ష తెలియజేస్తుంది.

ఒక కారణం మరొక అంశం గుండా ఫలితాన్ని కలిగిస్తే ఆ అంశం మధ్యవర్తి చలరాశి అవుతుంది. 1986లో బారన్, కెన్నీ ప్రతిపాదించిన పద్ధతిలో కారణానికీ ఫలితానికీ, కారణానికీ మధ్యవర్తికీ సంబంధం చూపాలి. తరువాత కారణాన్ని స్థిరంగా ఉంచి మధ్యవర్తికీ ఫలితానికీ సంబంధం చూపాలి. అప్పుడు కారణపు ప్రత్యక్ష ప్రభావం తగ్గాలి. ఈ పద్ధతిలోని మొదటి మెట్టు తరువాత విమర్శకు గురైంది. ప్రత్యక్ష, పరోక్ష ప్రభావాలు ఎదురెదురు దిశలలో ఉంటే మొత్తం ప్రభావం శూన్యంగా కనిపించవచ్చు. పైగా ఈ మెట్లు పరోక్ష ప్రభావాన్ని సూటిగా పరీక్షించవు. అది రెండు గుణకాల లబ్ధం. సోబెల్ పరీక్ష (1982) ఆ లబ్ధం సాధారణ విభాజనాన్ని అనుసరిస్తుందని భావిస్తుంది. చిన్న నమూనాలలో ఆ భావన నిలవదు. ప్రీచర్, హేస్ 2004లో ప్రచారంలోకి తెచ్చిన బూట్‌స్ట్రాప్ విధానం ఉన్న నమూనా నుంచే వేలసార్లు పునర్నమూనాలు తీసి, పరోక్ష ప్రభావపు అవధులలో సున్న ఉన్నదా లేదా అని చూస్తుంది.

గణన ఎంత మెరుగుపడినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఏది ముందు, ఏది వెనుక? మధ్యవర్తినీ ఫలితాన్నీ కలిపి నడిపించిన మూడో అంశం ఉన్నదా? ‘కన్యాశుల్కం’ చర్చకు ఇవే కీలకం.

ఈ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 శుల్క వివాహాల లెక్కను గురజాడ ఆ ముద్రణ ముందుమాటలో పేర్కొన్నారు. ఈ సంఖ్య దురాచారం వ్యాప్తిని చెబుతుంది. నాటకం తెచ్చిన మార్పును చెప్పదు. మరోవైపు, కందుకూరి వీరేశలింగం 1881లోనే రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించారు. ఆ ఉద్యమం నాటక రచననూ, ప్రేక్షకుల వైఖరినీ విడివిడిగా ప్రభావితం చేసి ఉండవచ్చు. అప్పుడు నాటకానికీ మార్పుకూ కనిపించే సంబంధం మధ్యవర్తిత్వం కాదు, సహచారం మాత్రమే.

నాటకంలోనే మరో చిక్కు ఉన్నది. లుబ్ధావధాన్లు పెండ్లి ప్రయత్నం శుల్కం పట్ల ఏవగింపు కలిగిస్తుంది. గిరీశం ఉపన్యాసాలు సంస్కరణ భాషనే నవ్వులపాలు చేస్తాయి. 1909 నాటి మార్పుచేసిన కూర్పులో ఈ ద్వంద్వం మరింత విస్తరించింది. ఒకే రచన దురాచారంపై విముఖతనూ, సంస్కర్తలపై అనుమానాన్నీ పెంచగలదు. ఎదురెదురు దిశల ప్రభావాలంటే ఇవే. వీటిని ఒకే ‘ప్రభావం’గా కలిపి చెప్పే విమర్శ నాటకపు వ్యంగ్యాన్ని కోల్పోతుంది.

నాటి ప్రేక్షకులపై గణాంక పరీక్ష నేడు సాధ్యం కాదు. అయినా ఆ పరీక్ష అడిగే ప్రశ్నల వరుస సాహిత్య చరిత్రకు అవసరమే. తేదీ తెలిసిన ప్రదర్శన సమీక్షలు, లేఖలు, స్వీయచరిత్రలు ప్రేక్షకునిలో మార్పును చూపినప్పుడే ‘నాటకం ద్వారా’ అనవచ్చు. అంతవరకు ‘నాటకంతోపాటు’ అనడమే సముచితం.